అమ్మ అడిగే పద్ధతి

నా కూతురు పిట్ట ఎడమచేతి మీద, మోచేతికి కాస్త పైన, నీలంగా కమిలిన మచ్చ స్నానం చేయిస్తుంటే కనబడింది. నా బొటనవేలంత ఉంది. చేతిలో సబ్బు జారి బకెట్లో పడింది.

"ఇదేంటే?" అన్నాను.

మా పిట్టకి నాలుగో ఏడు నడుస్తోంది. ఆ మచ్చని తనూ అప్పుడే చూస్తున్నట్టు తల వంచి చూసి, "బ్లూ కలర్," అంది.

అంతవరకూ బాగానే అడిగాను. అక్కడ ఆగాల్సింది. కానీ ముందురోజే పక్క పోర్షన్ పిన్నిగారు బట్టలారేస్తూ, "ఆ బడిలో ఆయమ్మది కాస్త చెయ్యి దురుసట తల్లీ, మా వాళ్ళెవరో అనుకుంటుంటే విన్నాను," అని నా చెవిన వేసింది.  మచ్చ చూడగానే ఆ మాటే గుర్తొచ్చింది.

"ఎవరైనా గిల్లారా? ఆయమ్మ కొట్టిందా?"

పిట్ట మగ్గుతో నీళ్ళు ముంచి పోసుకుంటూ కాదని తల ఊపింది. తువ్వాలు చుడుతూ మళ్ళీ అడిగాను. జుట్టు తుడుస్తూ అడిగాను. "చెప్పు నాన్నా, అమ్మ ఏమీ అనదు, ఆయమ్మే కదూ?" పాలు తాగిస్తూ అడిగాను. గ్లాసు సగమయ్యేసరికి పిట్ట "ఊఁ" అంది. "దేంతో కొట్టింది? చేత్తోనా, స్కేలుతోనా?" గ్లాసు ఖాళీ అయ్యేసరికి స్కేలుతో అంది.

పిల్లని గుండెకి హత్తుకుని ఏడ్చాను. ఏడుస్తూనే, ఎక్కడో ఓ మూల, నాకు కాస్త ఊరటగా కూడా అనిపించింది. భయానికి ఓ మనిషి దొరికింది కదా అని. ఆ తర్వాత అమ్మకి ఫోన్ చేశాను.

మా అమ్మ లాయరు. అంతకుముందు బడిపంతులమ్మ. పగలు పిల్లలకి సాంఘికశాస్త్రం చెప్పి, సాయంత్రాలు లా కాలేజీకి వెళ్ళి పట్టా పుచ్చుకుంది. కొన్నేళ్ళు పిల్లల కోర్టులో ప్రాక్టీసు చేసి, ఆ తర్వాత లా కాలేజీలో పాఠాలు చెప్పింది, పరిశోధన చేసింది. రిటైరయ్యాక బడులకీ పోలీసు స్టేషన్లకీ తిరిగి సలహాలిస్తోంది. పేరుకి ఇన్ని పనులు. నిజానికి బతుకంతా అమ్మ పట్టుకున్నది ఒకటే సంగతి. చిన్నపిల్లల్ని ప్రశ్న ఎలా అడగాలి అన్నది.

పరిశోధన చేసే రోజుల్లో కోర్టు హాల్లో చివరి బల్ల మీద కూర్చుని రాసుకునేది. సెలవులప్పుడు నన్నూ పక్కన కూర్చోబెట్టుకునేది. అందరూ పిల్లలు చెప్పే జవాబులు రాసుకుంటుంటే అమ్మ మాత్రం వాళ్ళనడిగే ప్రశ్నలు రాసుకునేది. ఒకసారి కోర్టు గుమస్తా వంగి ఆ కాగితాలు చూసి, "ఏంటి మేడమ్, మీకు సగమే వినబడుతోందా?" అన్నాడు. "నాక్కావాల్సిన సగం వినబడుతోందండీ," అంది అమ్మ, తలెత్తకుండా.

క్లాసులో పాఠం చెప్పడమూ అంతే. ఏటా కొత్త బ్యాచికి ఒక అట్టపెట్టె తెచ్చేది. అందులోంచి ఓ దువ్వెన, ఓ చెప్పు, ఓ తాళంకప్ప తీసి చూపించి మూసేసేది. వారం పోయాక ఏమీ ఎరగనట్టు, "ఆ రోజు పెట్టెలో బంతి ఏ రంగుది?" అని అడిగేది. సగం మంది ఎరుపనేవాళ్ళు, కొందరు కాదు ఆకుపచ్చని వాదించేవాళ్ళు. ఒకబ్బాయైతే దాని చుట్టూ తెల్లగీత కూడా ఉందన్నాడు. అప్పుడు పెట్టె తెరిచి చూపించేది. "మీకు మీసాలొచ్చాయి. మీకే లేని బంతి కనబడింది. నాలుగేళ్ళ పిల్లకి ఇంకెన్ని కనబడాలి?" క్లాసంతా గొల్లున నవ్వేది. అమ్మ వెంట వెళ్ళి వెనక బెంచీలో కూర్చునే నేను కూడా నవ్వేదాన్ని. అమ్మ నవ్వేది కాదు.

ఇంట్లోనూ అదే పద్ధతి. మిగతా అమ్మలు పిల్ల ముఖం వాడితే చాలు, తలనొప్పా, ఎవరైనా ఏమన్నా అన్నారా, భయమేసిందా అని వరసగా అందిస్తారు. పిల్ల వాటిల్లో ఒకటి ఎంచుకుంటే సరిపోతుంది. మా అమ్మ నేల మీద కూర్చుని, తన ముఖం నా ముఖం కన్నా కిందికి వచ్చేలా చూసుకుని, "ఏమైంది?" అనేది. నేను మాట్లాడకపోతే, "నాకు తెలీదు, నేనక్కడ లేను. నువ్వే చెప్పాలి," అనేది. ఆ పైన ఎంతసేపైనా కూర్చునేది. కోర్టుకి అది బంగారంలాంటి పద్ధతే కావచ్చు. నాకు మాత్రం, తలుపులన్నీ బార్లా తీసిపెట్టి లోపల మనుషులు లేని ఇంట్లో నిలబడ్డట్టుండేది.

డిగ్రీ రెండో ఏడు తప్పాను. మళ్ళీ రాసి మళ్ళీ తప్పాను. లెక్చరరుగారి కూతురు తప్పిందట అని కాలేజీలో అనుకోవడం విని చదువు మానేశాను. అమ్మ నేల మీద కూర్చుని "ఏమైంది?" అంది. నేను చెప్పలేదు. ఆవిడ ఊహించి అనలేదు. ఆ తర్వాత పెళ్ళయింది, పిట్ట పుట్టింది. అమ్మ ఇంకా ఆ జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉందని నా అనుమానం.

మా ఆయన మొదట్నించీ అనేవాడు, "మీ అమ్మగారి ముందు తుమ్మాలన్నా మనమొక లాయర్ని పెట్టుకోవాలే," అని. ఆయన ఉద్యోగం ఓడల్లో. ఎక్కువకాలం నీళ్ళ మీదే. ఇంట్లో నేనూ పిట్టా. దాని ఒళ్ళు వెచ్చబడితే అర్ధగంటకోసారి చెయ్యి వేసి చూస్తాను, పడుకున్నప్పుడు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. నా కూతురికి మాటలు వెతుక్కునే బాధ ఉండకూడదని ముందే అనుకున్నాను. ఆకలేస్తోందా, చలేస్తోందా, బూటు కరుస్తోందా, అన్నీ నేనే అందించేదాన్ని. అది ఊఁ అంటే చాలు.

ఆ అలవాటే ఆరోజు స్నానాల గదిలోంచి పాలగ్లాసు దాకా నడిపించింది.

మర్నాడు పొద్దున్నే పిట్టని పక్క పోర్షన్ పిన్నిగారి దగ్గర ఉంచి బడికి వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారి గదిలో గోడంతా పిల్లలు వేసిన సూర్యుళ్ళు. ప్రతి సూర్యుడికీ కళ్ళూ నోరూ ఉన్నాయి. ఆవిడ నా మాట విని, అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, సొరుగులోంచి ఒక కాగితం తీసింది.

"ఈ పద్ధతి మీ అమ్మగారే రాసిచ్చారండీ మా బడికి. ఇలాంటిది ఏదొచ్చినా ముందు ఇదే అడగమన్నారు. పిల్ల మాట మొదట విన్నది మీరే కదా. పాపని మీరు ఏమని అడిగారు?"

 ఆ బడికి అమ్మ సలహాదారు కావడం వల్లే పిట్టని అక్కడ చేర్పించాను. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో ఈ ఊళ్ళో నాకంటే బాగా తెలిసిన తల్లి ఉండదు. నేనడిగినవన్నీ చెప్తే నా మాట చెల్లదని తెలుసు.

"నేనేమీ అడగలేదండీ. తనే చెప్పింది," అన్నాను.

ఆవిడ కాగితం మళ్ళీ సొరుగులో పెట్టేసింది. "తనే చెప్తే ఇంక మాట్లాడ్డానికేముంది. రేపు పొద్దున ఆయమ్మని కూర్చోబెట్టి పనిలోంచి తీసేస్తున్నామని చెప్పేస్తాం. మీరు కూడా రండి. ఇవ్వాళ్టికి ఆవిణ్ణి పిల్లల గదిలోకి పంపను."

ఆవిడ అప్పటికప్పుడే ఆయమ్మకి కబురు పంపింది. నేను బయటికొస్తుంటే ఆయమ్మ నీళ్ళ కుళాయి పక్కన నిలబడి ఉంది. చెయ్యడానికి పని లేక చీరచెంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది. నన్ను చూసి అడ్డం రాలేదు.

"ఏంటమ్మా, పాపని నేను కొట్టానన్నావట," అంది. "చెయ్యి పట్టుకోకుండా అంతమంది పిల్లల్ని మెట్లు దింపడం ఎలాగో నువ్వొచ్చి ఓ రోజు చూపించమ్మా, నేర్చుకుంటా."

గేటు దాటి వచ్చేశాను. గట్టిగా పట్టుకున్నానని తనే ఒప్పుకుంటోంది కదా అని దారంతా నాకు నేను చెప్పుకున్నాను.

అమ్మ మధ్యాహ్నం బస్సు దిగి వచ్చింది. భుజాన లాప్‌టాప్ సంచీ, చేతిలో చిన్న బట్టల పెట్టె. మర్నాడు వేరే ఊళ్ళో టీచర్లకి శిక్షణ ఉంది, మధ్యలో మా ఇంట్లో ఆగింది. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే పిట్ట పరిగెత్తుకెళ్ళి చెయ్యి చూపించింది.

"అమ్మమ్మా, ఆయమ్మ నన్ను స్కేలుతో కొట్టింది. చేత్తో కాదు."

 అమ్మ ఆ చెయ్యి చూసి, పిట్ట తల నిమిరి, పెట్టెలోంచి ఒక స్టిక్కర్ బొమ్మల పుస్తకం తీసి ఇచ్చింది. పిట్ట దాన్ని తీసుకుని మంచం కిందికి దూరింది. దాని ముఖ్యమైన పనులన్నీ అక్కడే. అమ్మ వంటగదిలోకి వచ్చి, నేను టీ పెడుతుంటే గోడకి ఆనుకుని నిలబడింది.

"ఏమైంది?"

"విన్నావుగా. అదే చెప్పింది."

"పిల్ల చెప్పింది విన్నాను. నువ్వు చెప్పేది వినలేదు."

"ఏముందమ్మా చెప్పడానికి? మచ్చ చూశాను, అది చెప్పింది, బడిలో చెప్పాను. రేపు ఆవిణ్ణి తీసేస్తారు."

అమ్మ టీ గ్లాసు అందుకుంది కానీ తాగలేదు. "కొట్టింది అంటే సరిపోయేది," అంది. "చేత్తో కాదు అని ఎందుకంది? ఎవరూ అడగందే ఏ పిల్లా చేత్తో కాదు అనదు."

పొయ్యి కట్టేశాను. "నేనడిగాను," అన్నాను. "చేత్తోనా స్కేలుతోనా అని."

"అంతకుముందు?"

అన్నీ చెప్పాను. చెప్తుంటే ఒక్కొక్కటీ నా చెవికే వేరేగా వినబడింది. అమ్మ ముఖంలో ఏమీ మారలేదు. ఆ ముఖం చూస్తే నాకు చిన్నప్పట్నించీ ఒళ్ళు మండుతుంది.

"నువ్వు అడగమ్మా," అన్నాను. "ఊళ్ళో పిల్లలందర్నీ అడిగావు. నీకు చేతనవును. మనవరాల్ని ఒక్కసారి అడుగు. కొట్టిందో లేదో తెలిసిపోతుంది."

"ఇంక నాకూ చేతకాదే. ఇప్పుడు అడిగితే నాకు వినబడేది నీ గొంతే."

"అంటే అది అబద్ధం చెప్తోందంటావా?"

"అబద్ధం కాదు. దానికిప్పుడు అదే నిజం. స్కేలు కూడా కనబడుతూ ఉంటుంది."

"మరి మచ్చో? మచ్చెలా వచ్చింది?"

"నాకు తెలీదు. నేనక్కడ లేను."

"నువ్వెప్పుడున్నావమ్మా అక్కడ?" అనేశాను.

పుస్తకంలోంచి బొమ్మ ఒలిచే చప్పుడు పక్కగదిలోంచి వినబడింది. అమ్మ గ్లాసుని గట్టు మీద పెట్టి, కొంగుతో అంచు తుడిచింది, ఏదో ఒలికినట్టు. ఏదీ ఒలకలేదు.

"బడిలో ఏమడిగారు నిన్ను?" అంది.

"నువ్వు రాసిచ్చిందే అడిగారు."

"ఏం చెప్పావు?"

"ఏమీ అడగలేదని చెప్పాను."

అప్పుడు మారింది అమ్మ ముఖం. కోపం కాదు. మెట్టు ఉందనుకుని కాలు వేసిన మనిషి ముఖంలా అయింది. ఎన్నో ఏళ్ళు కోర్టుల్లో కూర్చుని, ఎన్నో కేసులు చదివి, ఎవరూ తప్పించుకోలేని ప్రశ్న ఒకటి రాశాననుకుంది. ఒక్క చిన్న అబద్ధంతో దాన్ని దాటేసింది సొంత కూతురే.

"రేపు ఆవిడ పని పోతుంది," అంది. "ఇంకెక్కడా ఎవరూ పిల్లల దగ్గర పెట్టుకోరు. నువ్వు అడిగినవి నువ్వే వెళ్ళి చెప్పాలి."

"చెప్పకపోతే?"

"నేను చెప్పాల్సొస్తుంది. నాకది ఇష్టం లేదు."

"కూతురి మీద సాక్ష్యం చెప్తావా?"

"చెప్తాను," అంది. ఆ మాట అన్నాక ఇంక నిలబడలేనట్టు బియ్యం డబ్బా మీద కూర్చుంది. అంత చిన్నగా ఎప్పుడూ కనబడలేదు అమ్మ.

సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. లైను గరగరలాడుతోంది. విషయమంతా విని, "నోరు మూసుకుని ఊరుకో," అన్నాడు. "మచ్చ ఉంది కదా చేతి మీద. మచ్చ అబద్ధం చెప్పదుగా." స్పీకర్లో విన్న అమ్మ, "మచ్చ అసలేమీ చెప్పదు బాబూ," అంది. అవతల కాసేపు సముద్రం చప్పుడు, ఆ తర్వాత, "సరే అత్తయ్యగారూ, మీకు తెలియందేముంది," అని పెట్టేశాడు. నేను ఆయన్ని కూడా ఏమీ అనలేకపోయాను. తప్పు చెయ్యమని చెప్పినా సరే, ఆ పూట నా పక్కన ఉన్నది ఆయనొక్కడే అనిపించింది.

పొద్దున ముగ్గురం వెళ్ళాం. పిట్ట దాని గదిలోకి వెళ్ళింది. అమ్మ ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీదే ఆగిపోయింది. "నేను లోపలికి రాకూడదు. పిల్ల నా మనవరాలు," అంది. ఆ నిముషం దాకా నాతో వస్తుందనే అనుకున్నాను.

లోపల ఆయమ్మ కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకోగానే, నేను, "ఒక్కమాటండీ," అన్నాను. "నిన్న మీరడిగినప్పుడు అబద్ధం చెప్పాను. నేను అడిగాను పిల్లని."

"ఏమని?"

మొదటిది తేలిగ్గానే వచ్చింది. రెండోదానికి మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టాల్సొచ్చింది. ఆయమ్మ నా వంకే చూస్తోంది. ఒక్కొక్కటీ చెప్తుంటే ప్రిన్సిపాల్ గారు రాసుకుంటోంది. "చెప్పు నాన్నా, అమ్మ ఏమీ అనదు, ఆయమ్మే కదూ." నా ముద్దుమాటలు ఇంకో మనిషి చేతిరాతలో చూడటం కంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు. కాదని తల ఊపిందా అని అడిగితే, ఊపిందన్నాను. ఎన్నిసార్లు అంటే, తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

అంతా అయ్యాక ఆయమ్మ లేచింది.

"అన్నిసార్లు అడిగితే నేనైనా ఊఁ అనేదాన్నే," అంది. నన్ను క్షమించానని అనలేదు. అనాలని నేనూ అనుకోలేదు. "నేను పోనా మేడమ్? పాలగ్లాసులు అలాగే ఉన్నాయి," అని వెళ్ళిపోయింది.

ప్రిన్సిపాల్ గారు ఇకమీదట పిల్లల్ని మెట్లు దింపేటప్పుడు ఇద్దరు ఉంటారని చెప్పింది. పిట్టని వేరే సెక్షన్‌కి మార్చమంటే మారుస్తానంది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నాకే తెలియదు. ఆయమ్మ మీద నమ్మకంతో మాత్రం కాదు.

బయట అమ్మ అలాగే కూర్చుని ఉంది, పెట్టె కాళ్ళ మధ్య పెట్టుకుని. పక్కన కూలబడ్డాను. వసారాలో ఎవరో పిల్ల చెప్పు ఒకటి బోర్లా పడి ఉంది.

"చెప్పేశాను," అన్నాను.

తలూపింది.

"అయితే దాన్ని కొట్టారో లేదో నాకింక ఎప్పటికీ తెలియదా?"

"తెలియదు."

అబద్ధమైనా సరే, ఇంకో మాట అంటుందేమోనని చూశాను. అనలేదు.

"నీకు ఇలాంటివి ఎన్నున్నాయమ్మా?"

"చాలా ఉన్నాయి." వసారా చివరిదాకా చూస్తూ అంది. "బస్సులో కూర్చుంటే గుర్తొస్తారు. ఫలానా పిల్ల, ఫలానా పిల్లాడు. పేర్లు గుర్తున్నాయి, వేసుకున్న చొక్కాలు గుర్తున్నాయి. వాళ్ళకేం జరిగిందో మాత్రం తెలీదు. నేను వెళ్ళేసరికే ఎవరో ఒకరు ప్రేమగా అడిగేసి ఉండేవాళ్ళు."

ఇన్నేళ్ళలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. అమ్మ బస్సుల్లో నిద్రపోతుందనుకునేదాన్ని.

"నువ్వు చదువు మానేసినప్పుడు," అంది మళ్ళీ, "ఎందుకో నాకు తెలుసనే అనిపించింది. పిల్లలేదో అన్నారు కదూ అని అడుగుదామని నోటిదాకా వచ్చింది."

"అడిగి ఉంటే ఔననేదాన్ని."

"అదే భయం. నేనేదంటే దానికే ఔనంటావని."

"నేను ఔననాల్సింది కూడా దానికేనమ్మా. నువ్వడగబోయిందే నిజం." అన్నాను. "నీకు తెలిసిపోయేది కదా."

అమ్మ నా వంక తిరిగింది. ఏదో అనబోయి, చేతిగడియారం చూసుకుంది. బస్సు వేళయింది. అవతల ఊళ్ళో హాలు నిండా టీచర్లు కూర్చుని ఉంటారు, పిల్లల్ని ఎలా అడగాలో ఆవిడ చెప్తే రాసుకోవడానికి. పెట్టె అందుకుని లేచింది. గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది.  అటుపైన వెళ్ళిపోయింది.

పిట్ట రోజూ ఆ బడికే వెళ్తోంది. ఆ ఆయమ్మే గేటు దగ్గర చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది. పట్టుకునేటప్పుడు నా కళ్ళలోకి చూసి పట్టుకుంటుంది. మచ్చ పసుపుపచ్చబడి పోయింది. స్కేలు కథ మాత్రం పిట్ట ఇప్పటికీ చెప్తుంది, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ, బొమ్మలకి కూడా. పక్క పోర్షన్ పిన్నిగారు వింటే "చూశావా, నేను చెప్పలా," అంటుంది. నేను పిట్టని లోపలికి పిలుస్తాను. స్నానం చేయించేటప్పుడు దాని రెండు చేతులూ తిప్పి తిప్పి చూస్తాను. పళ్ళు బిగించి నోరు మూసుకుంటాను. లోపల మాత్రం ప్రశ్నలు కుళాయిలా కారుతూనే ఉంటాయి.

అమ్మ వెళ్ళిన రోజు సాయంత్రం ఫోన్ చేసింది. శిక్షణ అయిపోయింది, గదికి చేరానంది. సరేనన్నాను. ఆవిడ వెనకాల ఏదో లాడ్జి గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. నా వెనకాల పిట్ట బొమ్మలకి పాఠం చెప్తోంది. అమ్మ ఏమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు. ఎవరమూ ఫోను పెట్టెయ్యలేదు.